ఎదురింటికి నాలుగు కిలోమీటర్లు

నడక అంత చెడ్డ అలవాటు మరొకటి లేదని నాకు డెబ్భై మూడో ఏట తెలిసింది. ఇది చదివేవాళ్ళంతా నాకన్నా చిన్నవాళ్ళే అయివుంటారు. ఇప్పుడే మానేయండి!

నాకీ జ్ఞానం కలిగించింది ఒక గోడ. ఇంటి గోడ కాదు, మా ఇంటి ముందు రోడ్డుకి నట్టనడుమ నిలబడ్డ గోడ. డివైడర్ అంటారు. మాది ఒకప్పుడు వట్టి వీధి. పదిహేను అడుగులు వేస్తే, అవీ నా అడుగులు, టేపు పెట్టి కొలిచేవి కావు, ఎదురింటి గుమ్మం తగిలేది. తర్వాత దాన్ని ఎనిమిది వరసల రోడ్డు చేశారు. మా ముందుగది అందులో కలిసిపోయింది. మావారు పడక్కుర్చీ వేసుకుని పేపరు చదువుకునే చోట ఇప్పుడు లారీలు పోతున్నాయి. ఎంత అభివృద్ధి! పదిహేను అడుగులు నలభై అయ్యాయి. అయినా ఆ నడిమి గోడకి మా ఇంటికెదురుగా ఒక మనిషి పట్టేంత సందు వదిలారు. పోయినేడాది దాన్నీ సిమెంటుతో పూడ్చి, పైన ఇనప ఊచలు పాతారు.

అప్పటినుంచి నా బతుకు ఎంత బాగుపడిందో చెబుతాను.

అన్నిటికన్నా ముందు ప్రయాణ యోగం పట్టింది. ఎదురింట్లో మా తోటికోడలు ఉంటుంది. మా బావగారి భార్య, నాకన్నా అయిదేళ్ళు పెద్ద, అక్కయ్య అంటాను. సందు ఉన్న రోజుల్లో ఆవిడ దగ్గరికి వెళ్ళడం ఎంత చప్పగా ఉండేదో! చెప్పులేసుకోవడం, దాటడం, కూర్చోవడం. అదీ ఒక ప్రయాణమేనా? ఇప్పుడు చూడండి. ఆటో ఎక్కి ఎడమవైపు రెండు కిలోమీటర్లు పోవాలి. ఫ్లైఓవర్ కింద యూటర్న్ తిరగాలి. మళ్ళీ రెండు కిలోమీటర్లు వెనక్కి రావాలి. దారిలో కార్ల షోరూములు అయిదు, పెట్రోలు బంకులు మూడు. ఈ వయసులో ఇంత లోకం చూసే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది?

మొదటిసారి ఆటో అతను ఎక్కడికని అడిగితే, అదిగో ఆ ఇంటికి అని వేలు పెట్టి చూపించాను. అతను ఆ ఇంటికేసి చూశాడు. నాకేసి చూశాడు. ఇంజను ఆపేశాడు.

"మామ్మగారూ, ఇంట్లో ఎవరైనా ఉంటే ఒకసారి పిలుస్తారా?" అన్నాడు మెల్లిగా.

నాకు మతి తప్పిందనుకున్నాడు పాపం. మా కోడలు బాల్కనీలోంచి వంగి, మతి బాగానే ఉందని, తప్పింది దారేనని హామీ ఇచ్చాకే బండి కదిలింది.

నడిచేవాళ్ళకి వంతెన వేశారుగా అంటారేమో. వేశారు! అర కిలోమీటరు దూరంలో ఉంది. యాభై నాలుగు మెట్లు. మెట్లెక్కలేనివాళ్ళకి లిఫ్టు ఉంది. లిఫ్టుకి తాళం ఉంది. తాళంచెవి కావాలంటే వంతెనకి అవతలి పక్కనున్న ఆఫీసుకి వెళ్ళి అడగాలి. ఇంత పకడ్బందీగా ఆలోచించేవాళ్ళు ఊరికి దొరకడం మాటలు కాదు. ఆ వంతెనదాకా ఫుట్‌పాత్ కూడా ఉంది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దానికి ఆనుకుని ఆరు బైకులు, వాటిని దాటితే 'నడకే ఆరోగ్యం' అని ఒక పెద్ద బోర్డు. ఆ బోర్డు కాళ్ళు ఫుట్‌పాత్ వెడల్పంతా ఆక్రమించాయి కాబట్టి అక్కడ రోడ్డు మీదకి దిగాలి. నేను దిగబోయి, బస్సు హారనుకి అదిరిపడి, ఆ బోర్డునే కావలించుకుని నిలబడ్డాను. పావుగంట! అంతసేపు ఆరోగ్యం నన్ను పట్టుకుని ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి.

మా పక్కింటాయన ఇళ్ళ బేరాలు కుదురుస్తాడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, స్క్వేర్‌ఫీట్ అంటారు. కొన్ని నగరాల్లో ఫుట్‌పాతులు వెడల్పు చేసి, కార్లు పోయే జాగా తగ్గించి, చెట్లు నాటి, కూర్చోవడానికి బెంచీలు వేస్తున్నారనీ, ఊళ్ళో డబ్బు పెట్టాల్సింది అక్కడేననీ నేనొక లైబ్రరీ పుస్తకంలో చదివి ఆయనకి చెప్పాను. ఆయన జాలిగా నవ్వాడు.

"పిన్నిగారూ, నడిచేవాడి మీద పెట్టుబడి పెడితే ఏమొస్తుంది? వాడు ఏం కొంటాడు? పల్లీల పొట్లం!"

నిజమే కదా! అయితే మా ఇంటి కిందనున్న టైలరు ఒప్పుకోలేదు. అతని దగ్గరికి సగంమంది అవతలి పక్కనుంచే వచ్చేవారు. సందు మూశాక రావడం మానేశారు. ఇప్పుడు మెషిను ముందు కూర్చుని రోజంతా కార్లు చూస్తుంటాడు. అరవై స్పీడులో పోయేవాడు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి బ్రేకు వేస్తాడా మామ్మా అని నన్నడిగాడు. ఆ సందు మూయించింది ఎవరో పనీపాటా లేని ముసలమ్మట, ఆఫీసుకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసిందట, కనబడితే నాలుగు మాటలు అడుగుదామని ఉంది అన్నాడు. అడగాల్సిందే అన్నాను. ఎక్కడి మనుషులో, ఏం పోయేకాలమో!

ఇక చదువు సంగతి. నేను బడి మొహం చూడలేదు. పెళ్ళయి ఈ వీధికి వచ్చినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. అక్కయ్య నన్ను బజారుకి వెంటబెట్టుకుని వెళ్తూ షాపుల బోర్డులు చదివేది. మందుల షాపు బోర్డు దగ్గర నిలబెట్టి 'మ' చూపించేది. తాళాలు బాగుచేసే అతని బోర్డు దగ్గర 'త'. మూడు నెలల్లో వీధి చివరిదాకా చదివేశాను. తర్వాత పక్క వీధి. అలా ఊరంతా చదువుకుంటూ పోయి పోయి లైబ్రరీ మెట్లెక్కాను. నా చదువంతా కాలినడకన వచ్చిందే. ఇప్పుడా బాధ లేదు! మా రోడ్డు మీద బోర్డులు కార్లలో పోయేవాళ్ళ కోసం పెట్టినవి. ఒక్కో అక్షరం నా ఎత్తు ఉంటుంది. కింద నిలబడి చూస్తే అక్షరం కనపడదు, ఇనప రేకు కనపడుతుంది. ఈ రోజుల్లో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఎవరైనా ఇలా దొంగచాటుగా చదువు నేర్చేసుకునే ప్రమాదం పూర్తిగా తప్పింది.

అక్కయ్యకి నాలుగేళ్ళుగా చూపు ఆనదు. అందుకని రోజూ మధ్యాహ్నం నేను దాటి వెళ్ళి ఆవిడకి చదివి వినిపించేదాన్ని. సందు మూసిన రోజుకి ఒక నవలలో పంతొమ్మిదో అధ్యాయం చివర ఉన్నాం. అందులో ఆ అమ్మాయి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అవతల ఎవరున్నారో తెలియదు. అక్కడ ఆపి, రేపు చెబుతాను లెమ్మని వచ్చేశాను. మర్నాడు పొద్దున చూసేసరికి సందులో సిమెంటు.

ఫోనులో చదవొచ్చుగా అంటారు మా కోడలిలాంటి తెలివైనవాళ్ళు. చదివాను. అక్కయ్యకి ఎదురుగా ఉంటేనే వినపడుతుంది. పైగా లారీ ఒకటి వెళ్తే అది ముందు నా చెవిలో మోగుతుంది, మరుక్షణం ఫోనులోంచి మళ్ళీ మోగుతుంది. ఒక్క లారీని రెండుసార్లు వినే భాగ్యం! "ఇంతకీ తలుపు తీసిందా లేదా?" అంటుంది ఆవిడ. తీసింది అక్కయ్యా అని అరుస్తాను. "ఏం తీసింది?" అంటుంది. ఏడాది మొత్తంలో ఆటోలో నాలుగుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఫ్లైఓవర్ కింద కంటెయినర్ లారీలు చూసి గుండె జారిపోయి, చేరాక నీళ్ళు తాగి పడుకోవడంతోనే సరిపోయింది. చదువెక్కడ?

కాబట్టి సాయంత్రం అయిదింటికి ఆవిడ వాళ్ళ బాల్కనీలో, నేను మా బాల్కనీలో నిలబడి చేతులు ఊపుకునేవాళ్ళం. నేను అక్కడున్నట్టు ఆవిడకి కనపడదు. టైము చూసుకుని ఊపేది. భుజాలకి వ్యాయామం కదా!

ఒక్క ముక్క దాచకుండా చెప్పాలి. చెయ్యి ఊపడమంటే నాకు మహా భయం. మావారు ఆస్పత్రికి వెళ్ళే కారు మా గుమ్మం ముందే ఎక్కారు. వెళ్ళొస్తానని చెయ్యి ఊపారు. మా అమ్మ ఊపింది రైల్లోంచి. మా తమ్ముడు బస్సు మెట్టు మీదనుంచి. నాకేసి చెయ్యి ఊపి వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. అందుకే ఇంట్లో ఎవరు బయటికి వెళ్ళినా కనుమరుగయ్యేదాకా నిలబడి చూస్తాను. పాలవాడు వెళ్ళినా చూస్తాను. మా కోడలు దీన్ని సీసీ కెమెరా అంటుంది.

ఇలా హాయిగా రోజులు వెళ్తుండగా, పోయిన నెల మొదట్లో అక్కయ్య కూతురు ఫోను చేసింది. అమ్మని తీసుకెళ్ళిపోతానంది. ఊరి అవతలి చివర, ఇరవై రెండో అంతస్తు. మధ్యాహ్నాలు అమ్మ దగ్గరికి వచ్చే మనిషే లేకుండా పోయింది పిన్నీ, ఒక్కత్తే అలా కూర్చుని ఉంటోంది, నెలాఖరుకి తీసుకెళ్తానంది. అక్కడ నడవడానికి ట్రాకు ఉందట. మనుషులు పొద్దున్నే కార్లు వేసుకుని వచ్చి, ఆ ట్రాకు మీద గుండ్రంగా నడిచి, మళ్ళీ కార్లెక్కి వెళ్తారట. మా అక్కయ్యకి అది నచ్చలేదని వేరే చెప్పాలా? వెళ్ళనంది. కానీ డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి మాట ఎవరు వింటారు?

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ ఒక్కసారి లోకకల్యాణం పక్కనపెట్టి స్వార్థం చూసుకుందామనుకున్నాను. ఆ సందు తెరవమని అడగడానికి రోడ్ల ఆఫీసుకి వెళ్ళాను.

ఇంజినీరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. నేను చెప్పాల్సినదంతా చెప్పాను. ఆయన విని, తల పంకించి, గోడ మీదకి చూపించాడు. అక్కడ ఫ్రేము కట్టించిన కాగితం వేలాడుతోంది. 'ప్రజల కోరిక మేరకు ఎనిమిది రోజుల్లో పని పూర్తి' అని పైన రాసి ఉంది. కింద ఉత్తరం. నీలం సిరా, పెద్దపెద్ద గుండ్రటి అక్షరాలు, బోర్డుల మీద ఉన్నట్టు.

"ఇది మీ దస్తూరీయేనా అమ్మా?" అన్నాడు.

నాదే. ఆ పనీపాటా లేని ముసలమ్మను నేనే.

నన్ను చెప్పనివ్వండి. సందు ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్కయ్యే ఇటు దాటి వస్తుంటే బైకు ఒకటి ఆవిడ చేతిసంచికి తగులుకుని పోయింది. సంచిలోని నిమ్మకాయలన్నీ రోడ్డు మీద దొర్లాయి. ఆవిడకేమీ కాలేదు. కానీ నేను పైనుంచి చూశాను. ఆ సాయంత్రమే మొదటి ఉత్తరం రాశాను. అయ్యా, ఇక్కడ ఒక సిగ్నల్ పెట్టించండి, బళ్ళు కాస్త ఆగితే మేం దాటుతాం అని. జవాబు లేదు. రెండోది రాశాను. చారలు గీయించండి అన్నాను. మూడోది, రోడ్డుకి ఎత్తుగా గట్టు వేయించండి, బళ్ళు నెమ్మదిస్తాయి అన్నాను. లైబ్రరీలో చదివినవన్నీ రాశాను. పది ఉత్తరాలు రాశాను. పదింటికీ ఉలుకు లేదు, పలుకు లేదు. కడుపు మండి పదకొండోది రాశాను. ఏమీ చేయలేకపోతే ఆ సందయినా మూసేయండి, మనిషన్నా దక్కుతుంది అని.

ఎనిమిది రోజుల్లో మూసేశారు!

ఆ పది ఉత్తరాలు ఏమయ్యాయని అడిగాను. అవి పరిశీలనలో ఉన్నాయన్నాడు. బళ్ళు ఆపాలంటే చాలామందిని అడగాలమ్మా, మనుషుల్ని ఆపడానికి ఎవర్నీ అడగక్కర్లేదు అని, నిజాయితీగానే చెప్పాడు. తిరిగి తెరవాలంటే పద్ధతి ఉందన్నాడు. ఒక మనిషిని పంపిస్తారు. గంటలో ఎంతమంది అక్కడ దాటడానికి ప్రయత్నిస్తున్నారో లెక్కపెడతారు. యాభైమంది ఉంటే దారి అవసరం ఉన్నట్టు.

"గోడ ఉండగా ఎలా దాటుతారు నాయనా?" అన్నాను.

"అదేనమ్మా, ఇప్పటిదాకా తీసిన లెక్కలో ఎవరూ దాటడం లేదనే వచ్చింది," అన్నాడు.

నేను ఇంటింటికీ తిరిగాను. టైలరు దగ్గర తప్పు ఒప్పుకున్నాను. అతను అడగదలచుకున్న నాలుగు మాటలూ అడిగాడు, ఇంకో రెండు కలిపాడు. ఆ తర్వాత తన అన్నదమ్ముల్ని, వాళ్ళ స్నేహితుల్ని పోగుచేశాడు. మందుల షాపులో పనిచేసేవాళ్ళు వస్తామన్నారు. స్క్వేర్‌ఫీట్ కూడా వస్తానన్నాడు, నడవడానికి కాదు, చూడటానికి. అవతలి పక్క అక్కయ్య తన మేడమీదివాళ్ళని ఒప్పించింది. మొత్తం అరవై మూడుమంది. ఊచలు పట్టుకుని గోడెక్కితే చాలు, ప్రయత్నం కింద లెక్కేనట.

లెక్కపెట్టే అమ్మాయి చెప్పిన రోజున పది గంటలకి వచ్చింది. మా గుమ్మం పక్కన గొడుగు వేసుకుని, నొక్కితే అంకె పెరిగే మీట చేతిలో పెట్టుకుని కూర్చుంది. అందరూ రోడ్డు పక్కన వరసగా నిలబడ్డారు. అవతల అక్కయ్య కుర్చీ వేయించుకుని కూర్చుంది. టైలరు తమ్ముడు అటూ ఇటూ చూసి, ఒక కారుకీ ఇంకో కారుకీ మధ్యన పరిగెత్తబోయాడు.

అప్పుడు ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. తర్వాత వాళ్ళూ వీళ్ళూ చెప్పిందే చెబుతున్నాను. నేను వెనకనుంచి అతని చొక్కా పట్టుకుని లాగానట. పోతావురా నాయనా, మీ అమ్మకి ఏం చెప్పమంటావు అని కేక పెట్టానట. తర్వాత మందుల షాపు పిల్లని చెయ్యి పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టానట. ముగ్గురు కలిసి దిగబోతే చేతులు చాచి అడ్డంగా నిలబడ్డానట. నేనే కదా రమ్మన్నది! నాకు తెలుసు. కానీ కాలు రోడ్డు మీద పెట్టిన ప్రతి మనిషీ నాకు చెయ్యి ఊపి వెళ్తున్నట్టే కనపడ్డాడు. గంట గడిచేసరికి ఒక్కర్ని కూడా దిగనివ్వలేదు. నా గోల చూసి అవతలి పక్కవాళ్ళు కూడా ఆగిపోయారు.

ఆ అమ్మాయి మీట నా చేతికిచ్చి చూపించింది. సున్నా.

"సారీ అమ్మమ్మా," అంది. "మీరొక్కరు వదిలిపెట్టి ఉంటే వచ్చేదే."

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి పార్సెలు వచ్చింది. ప్రాణాలకు తెగించి ప్రజల్ని ప్రమాదం నుంచి కాపాడినందుకు నన్ను రోడ్డు భద్రతా వాలంటీరుగా గుర్తించారట. లోపల నారింజరంగు కోటు, వెనక మెరిసే పట్టీలు. కొలత మాత్రం నాకు సరిగ్గా సరిపోయింది. ఇక ఆ సందు తెరవాలంటే మళ్ళీ లెక్క రెండేళ్ళ తర్వాతట.

నెలాఖరుకి నాలుగు రోజులుందనగా నేను సంచి సర్దుకున్నాను. బట్టలు, మందులు, నవల. ఎన్నాళ్ళకత్తయ్యా అంది కోడలు. పుస్తకం అయ్యేదాకా అన్నాను. అక్కయ్య ఇంట్లో నేను గొడవపడి వేరుకాపురం పెట్టించుకుని నలభై ఏడేళ్ళయింది, అదీ చెప్పాలి. ఆ రోజు కూడా విడగొట్టింది నేనే. తోటికోడలితో ఒక్క కప్పు కింద ఉండలేనని సామాను దింపుకుని, ఎదురింట్లో చేరాను. ఎదురిల్లే ఎందుకంటే అంతకన్నా దూరం వెళ్ళే ధైర్యం లేక!

ఆటో నాలుగు కిలోమీటర్లు తిరిగి అక్కయ్య గుమ్మంలో దింపింది. ఆవిడ కూతురు అక్కడే ఉంది. పిన్ని ఉన్నన్నాళ్ళూ అమ్మ ఇక్కడే ఉండొచ్చని ఒప్పుకుంది. నేను అక్కయ్య పక్కన కూర్చుని, ఆ పదకొండో ఉత్తరం సంగతి చెప్పాను. ఏడాదిగా చెప్పలేనిది.

"తెలుసే," అంది. "ఈ వీధిలో అంత భయపడి ఉత్తరం రాసేది ఇంకెవరున్నారు? అది సరే, తలుపు తీసిందా లేదా?"

రోజుకి రెండే పేజీలు చదువుతున్నాను. ఇంకా పన్నెండు అధ్యాయాలున్నాయి. మధ్యమధ్య నా సొంతవి కూడా కలుపుతున్నాను. ఆవిడకి తెలుసనుకుంటాను, ఏమీ అనడం లేదు.

కాబట్టి పాఠకులారా, గోడ మంచిదే. విడిపోయిన తోటికోడళ్ళని ఒక్క ఇంట్లో కలిపింది. అంతేకాదు, మా కోడల్ని కూడా మార్చింది. పద్నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆఫీసు నుంచి వచ్చి నాకేసి తలెత్తి చూడటానికి తీరిక లేని పిల్ల, ఇప్పుడు రోజూ అయిదున్నరకి మా బాల్కనీలోకి వచ్చి నిలబడుతోంది. నేనిక్కడ నారింజరంగు కోటు వేసుకుని నిలబడతాను, దూరం నుంచి కనపడాలని. ఆ అమ్మాయి చెయ్యి ఊపుతుంది. నేనూ ఊపుతాను, భయపడుతూనే.

నిన్న ఆ అమ్మాయి చాలాసేపు నిలబడింది. ఏదో అన్నది కూడా. మధ్యలో లారీ వచ్చింది. ఇంటికి రమ్మందో, ఇంకొన్నాళ్ళు ఉండమందో, ఒంట్లో బాగాలేదందో ఇక్కణ్ణించి తెలియలేదు. ఫోను చేస్తే ఏమీ లేదత్తయ్యా అంది. ఆ గొంతు ఏమీ లేనట్టు లేదు.

అలాంటివి ఎదురుగా మొహం చూస్తేగానీ తెలియవు. ఒక్కసారి ఆ గోడ దాటి వెళ్ళి, చూసి, వచ్చేస్తాను. ఎంత దూరమని? నలభై అడుగులు.